ప్రహరీకి అవతల

ఆముదం అంటే తెలంగాణలో ఎవరికీ భయం లేదు. మహబూబ్‌నగర్, నల్లగొండ, రంగారెడ్డి చెల్కల్లో వానను నమ్ముకుని తరతరాలుగా వేస్తున్న పంట అది. పసిబిడ్డ మాడుకు అద్దిన నూనె, గూట్లో దీపానికి పోసిన నూనె, బండి ఇరుసుకు పట్టించిన నూనె. ఆ నూనెతో సరుకు తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటి 1990లలో శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో పెట్టబోతే, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అక్కడ వచ్చిన తీర్పులను ఇవాళ దేశంలో పర్యావరణ న్యాయం చదివే విద్యార్థులంతా చదువుతారు. విమానాశ్రయం వైపు రోజూ వెళ్లొచ్చే మనలో చాలామందికి మాత్రం ఇది మన పక్క ఊరి కథ అని తెలియదు.

సురానా ఆయిల్స్ అండ్ డెరివేటివ్స్ అనే కంపెనీ 1993లో పెద్దషాపూర్‌లో 12 ఎకరాలు కొన్నది. ఆముదం నుంచి హైడ్రోజనేటెడ్ క్యాస్టర్ ఆయిల్, 12-హైడ్రాక్సీ స్టియరిక్ ఆమ్లం వంటివి తయారుచేయాలని దాని ఆలోచన. ఆముదంలో దాదాపు తొంభై శాతం రిసినోలియిక్ ఆమ్లమే. పద్దెనిమిది కార్బన్ పరమాణువుల గొలుసు అది. తొమ్మిదో కార్బన్ దగ్గర ఒక జంట బంధం, పన్నెండో కార్బన్ దగ్గర ఒక హైడ్రాక్సిల్ గుంపు ఉంటాయి. వేడిచేసిన నూనెలోకి నికెల్ పొడి కలిపి, ఒత్తిడితో హైడ్రోజన్ వాయువు పంపితే ఆ జంట బంధం తెగి హైడ్రోజన్ వచ్చి చేరుతుంది. చేతికి జిగటగా అంటుకునే నూనె మైనంలా గట్టిపడుతుంది. 85 డిగ్రీల దాకా వేడిచేస్తే గాని కరగదు. బేరింగుల్లో వాడే గ్రీజుకు, సౌందర్య సాధనాలకు, రంగులకు అది కావాలి. మన రైతు పండించిన గింజకు మన దగ్గరే విలువ పెరిగే మంచి పరిశ్రమే.

అయితే ఫ్యాక్టరీలో ఆముదం ఒక్కటే ఉండదు. గాలిలో నాలుగు శాతం కలిసినా అంటుకునే హైడ్రోజన్ ఉంటుంది. పని అయిపోయాక మిగిలే నికెల్ పొడి ఉంటుంది. అది విషలోహం, కొన్ని పరిస్థితుల్లో గాలి తగిలితే దానంతటదే వేడెక్కి రగులుతుంది కూడా. నూనెను తేటపరిచిన మట్టి, బొగ్గుపొడి, గ్లిసరిన్, కొవ్వు ఆమ్లాలు కలిసిన కడుగునీళ్లు ఉంటాయి. ఆ నీళ్లు చెరువులో పడితే, వాటిని తిని పెరిగే సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువునంతా లాగేస్తాయి, చేపలు పైకి తేలతాయి. అందుకే అప్పట్లో కేంద్ర పర్యావరణ శాఖ జాబితాలో ఇలాంటి నూనె పరిశ్రమలు ఎక్కువ కాలుష్యం కలిగించే ఎరుపు వర్గంలో ఉండేవి. ఒక వస్తువు మనకు ఇంట్లో ఎంత పరిచయమో చూసి, దాన్ని వండే ఫ్యాక్టరీ ఎంత ప్రమాదమో లెక్కగట్టకూడదు.

ఇక స్థలం సంగతి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసింది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో నగరానికి ఎగువన రెండు జలాశయాలు కట్టారు. మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీ నది మీద 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టిన ఆనకట్టలే నగరానికి తాగునీరయ్యాయి. ఈ జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు రాకూడదని ప్రభుత్వం మొదట 1994లో జీవో 192తో, ఆ తర్వాత 1996 మార్చి 8న జీవో 111తో కట్టడి చేసింది. మొత్తం 84 గ్రామాలు దాని కిందికి వచ్చాయి. పెద్దషాపూర్ ఆ వలయంలో ఉంది.

ఇక్కడి నుంచి కథ మనకు బాగా తెలిసిన దారిలోనే నడిచింది. భూమిని వ్యవసాయం నుంచి పరిశ్రమకు మార్చుకోవడానికి ఒకరు ఒప్పుకున్నారు. పంచాయతీ ప్లాను మంజూరు చేసింది. కాలుష్య నియంత్రణ మండలి మాత్రం ఇది పది కిలోమీటర్ల లోపల ఉంది, కుదరదన్నది. కంపెనీ మళ్లీ అడిగింది, మండలి మళ్లీ కాదన్నది. ఈలోగా 1997 జులైలో రాష్ట్ర ప్రభుత్వం తాను గీసిన వలయం నుంచి ఈ ఒక్క ఫ్యాక్టరీకి మినహాయింపు ఇచ్చింది. కొత్త సాంకేతికత వాడుతున్నారు, చుక్క మురికినీరు బయటికి రాదన్న నిపుణుడి మాట నమ్మి 1998 జనవరిలో అప్పీలు అధికారి కంపెనీ పక్షాన తీర్పిచ్చారు. హైకోర్టు దాన్నే సమర్థించింది.

సుప్రీంకోర్టులో జస్టిస్ ఎం. జగన్నాథరావు రాసిన 1999 జనవరి 27 నాటి తీర్పు వేసుకున్న ప్రశ్న వేరు. ఒక శాస్త్రవేత్త ప్రమాదం లేదంటాడు, ఇంకొకరు ఉందంటారు. రసాయన శాస్త్రం చదవని న్యాయమూర్తి ఎవర్ని నమ్మాలి? ఆయన చెప్పిన జవాబు ముందుజాగ్రత్త సూత్రం. సైన్సు ఇంకా తేల్చని చోట, పొరపాటు పడక తప్పదంటే జాగ్రత్త వైపే పొరపాటు పడాలి. హాని జరగదని రుజువు చేసే బాధ్యత ఫ్యాక్టరీ పెట్టేవాడిది, తాగునీటికి ఆ జలాశయం మీద ఆధారపడ్డ లక్షల మందిది కాదు. ఇలాంటి వివాదాలు తేల్చడానికి న్యాయమూర్తి పక్కన శాస్త్రజ్ఞులు కూర్చునే న్యాయస్థానాలు కావాలని కూడా ఆ తీర్పు చెప్పింది. 2010లో వచ్చిన జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వేసిన పునాదుల్లో పెద్దషాపూర్ రాయి ఒకటుంది.

ఆ తర్వాత హైదరాబాద్‌లోని నేషనల్ జియోఫిజికల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ (ఎన్‌జీఆర్‌ఐ), ముంబై విశ్వవిద్యాలయ రసాయన సాంకేతిక విభాగం వంటి సంస్థల అభిప్రాయాలు కోర్టు ముందుకు వచ్చాయి. భూగర్భ శాస్త్రజ్ఞుల్ని ఎందుకు అడగాల్సి వచ్చిందో నగర శివార్లలోని బడంగ్‌పేట్‌లోనో తుక్కుగూడలోనో బోరు వేయించిన ఏ ఇంటివాళ్లకైనా అర్థమవుతుంది. మన కింద ఉన్నది గ్రానైటు రాయి. పైన పది ఇరవై మీటర్లు శిథిలమైన పొర, దాని కింద గట్టి రాయి, ఆ రాయిలో అక్కడక్కడా చీలికలు. నీళ్లన్నీ ఆ చీలికల్లోనే. ఒకరి స్థలంలో రెండంగుళాల నీళ్లు పడతాయి, ప్రహరీ అవతల పొరుగువారికి వెయ్యి అడుగులు తవ్వినా దుమ్మే లేస్తుంది. మంచినీళ్లు ఏ చీలికలో వస్తాయో చెప్పలేనప్పుడు, ఒక గుంతలో ఇంకిన నికెల్ నీళ్లు ఏ చీలిక పట్టుకుని ఎటు పోతాయో చెప్పడం ఇంకా కష్టం. ఇసుక నేలలోలాగా నెమ్మదిగా వడగట్టుకుంటూ పోవు, చీలిక దొరికితే వేగంగా దూరం పోతాయి.

2000 డిసెంబరు 1న తుది తీర్పు వచ్చింది. వలయం గీసిన ప్రభుత్వమే ఒక్కరి కోసం దాన్ని చెరపడం చెల్లదు. ఆ స్థలంలో ఫ్యాక్టరీకి అనుమతి లేదు.

ఈ తీర్పులో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఒక మౌలికమైన గుర్తింపు. ఫ్యాక్టరీ లోపల ఎంత మంచి యంత్రాలు పెట్టినా, ఫ్యాక్టరీకీ నీటికీ మధ్య ఉండాల్సిన దూరం కూడా ఒక రక్షణ సాధనమే. పంపు చెడిపోతుంది, వాల్వు కారుతుంది, కరెంటు పోతుంది, రాత్రి డ్యూటీ మనిషి అలసిపోతాడు. ఇవన్నీ ఒకేసారి జరిగిన రోజున కూడా పనిచేసే సాధనం దూరం ఒక్కటే. దానికి విద్యుత్తు అక్కర్లేదు, మరమ్మతు అక్కర్లేదు. కానీ ఫ్యాక్టరీలో ప్రతి పంపుకూ ఒక బాధ్యుడు ఉంటాడు గాని, ఈ ఒక్క సాధనాన్ని కాపాడే బాధ్యత ఎవరిదీ కాదు. ప్రహరీకి అవతల ఉన్న నేల వేరేవాళ్లది. అది ప్లాట్లయిపోతుంది.

దూరం ఎలా పనిచేస్తుందో కొంచెం వివరంగా చూడాలి. పెద్ద పారిశ్రామిక ప్రమాదాలు బయటి మనుషుల్ని మూడు రకాలుగా చంపుతాయి: మంట వేడి, పేలుడు ఒత్తిడి, విషవాయువు. మూడూ దూరంతో బలహీనపడతాయి, కానీ మూడింటి లెక్క వేరు.

మంట వేడి తేలిక. మంటకు మీరు రెట్టింపు దూరంలో ఉంటే మీ ఒంటికి తగిలే వేడి నాలుగో వంతు.

పేలుడు లెక్క ఆసక్తికరం. ఒక టన్ను పేలుడు పదార్థం వంద మీటర్ల దూరంలో ఎంత ఒత్తిడి కలిగిస్తుందో, రెండు వందల మీటర్ల దూరంలో అంతే ఒత్తిడి కలగాలంటే ఎనిమిది టన్నులు కావాలి. దూరం, బరువుకు ఘనమూలంగా పెరుగుతుందని దీన్ని చెబుతారు. మందుగుండు నిల్వల చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలాన్ని లెక్కించే పద్ధతులకు ఆధారం ఇదే. కాంచన్‌బాగ్‌లో భారత్ డైనమిక్స్, బాలాపూర్ పక్కన రీసెర్చ్ సెంటర్ ఇమారత్ చుట్టూ పొడవాటి ప్రహరీలు, లోపల కనుచూపు మేర ఖాళీ నేల చూసి ఇంత భూమి వృథాగా ఉంచారేమిటని అడిగేవాళ్లున్నారు. అలాంటి సంస్థల్లో ఖాళీ నేల కూడా పనిలో ఉన్నట్టే.

ఈ లెక్కను తిప్పి చదవండి. ఇళ్లు మునుపటి దూరంలో సగానికి వచ్చాయనుకుందాం. ఆ ఇళ్లవాళ్లకు మునుపటంత భద్రతే ఉండాలంటే ఫ్యాక్టరీ తన నిల్వను సగం చేస్తే చాలదు, ఎనిమిదో వంతుకు తగ్గించాలి. కాలనీ దగ్గరైందని నిల్వను ఎనిమిదో వంతుకు తగ్గించమని ఏ ఫ్యాక్టరీనీ ఎవరూ అడగరు. కాలనీకి మాత్రం అనుమతి వస్తూనే ఉంటుంది.

విషవాయువు లెక్క వాతావరణం చేతిలో ఉంటుంది, అందుకే అది అన్నిటికంటే మోసకారి. మధ్యాహ్నం ఎండకు నేల వేడెక్కి గాలి పైకి లేస్తూ కలబడుతూ ఉంటుంది. వాయువు లీకైనా తొందరగా పలచబడుతుంది. రాత్రి నేల చల్లబడుతుంది, నేలను ఆనుకున్న గాలి పైగాలి కంటే చల్లగా బరువుగా తయారై కదలకుండా పడుకుంటుంది. చలికాలం తెల్లవారుజామున వంటపొగ గాని, చెత్త తగలబెట్టిన పొగ గాని లేవకుండా వీధిలోనే తెరలా నిలిచిపోవడం మనకు తెలిసిందే. మిథైల్ ఐసోసయనేట్ ఆవిరి గాలి కంటే దాదాపు రెండు రెట్లు బరువు, స్టైరీన్ ఆవిరి మూడున్నర రెట్లకు పైగా బరువు. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక భోపాల్‌లో మొదటిది నేలబారున పాకింది. 2020 మే 7 తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో విశాఖపట్నంలో రెండోది పాకింది. రెండు చోట్లా జనం నిద్రలో ఉన్నారు, నేలకు దగ్గరగా పడుకుని ఉన్నారు.

విశాఖ సంగతి కొంచెం ఆగి చూడాల్సినది. ఆర్.ఆర్. వెంకటాపురంలో 1961లో హిందుస్తాన్ పాలిమర్స్ పెట్టినప్పుడు చుట్టూ ఊళ్లు, పొలాలు. 1997లో దక్షిణ కొరియాకు చెందిన ఎల్‌జీ కెమ్ దాన్ని తీసుకుంది. నగరం వచ్చి చుట్టుకుంది. 2020లో లాక్‌డౌన్‌కు ఫ్యాక్టరీ ఆగింది, ఎం-6 అనే ట్యాంకులో 1,800 టన్నులకు పైగా స్టైరీన్ నిలిచిపోయింది. స్టైరీన్‌కు ఒక స్వభావం ఉంది. వేడెక్కితే దాని అణువులు ఒకదానికొకటి గొలుసులుగా అతుక్కోవడం మొదలెడతాయి, ఆ అతుక్కోవడంలో ఇంకా వేడి పుడుతుంది, ఆ వేడికి అతుక్కోవడం ఇంకా జోరందుకుంటుంది. దీన్ని ఆపడానికి చల్లగా ఉంచాలి, నిరోధక రసాయనం కలపాలి, ట్యాంకులో ద్రవం తిరుగుతూ ఉండాలి. ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ ఏం కనుక్కుందంటే, ఉష్ణోగ్రత కొలిచే సాధనం ట్యాంకు అడుగున మాత్రమే ఉంది. అడుగున చల్లగా ఉన్నట్టు అది చూపిస్తూ ఉంటే పై పొరలు మరుగుతున్నాయి. ఫ్యాక్టరీలో 36 చోట్ల సైరన్ మోగించే ఏర్పాటు ఉంది. ఒక్కటీ మోగలేదు. పన్నెండు మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు.

లోపలి సాధనాలు వరసగా విఫలమైన ఆ రాత్రి వెంకటాపురానికి దూరం మిగిలి ఉండాల్సింది. అరవై ఏళ్లలో దాన్ని మనం ఖర్చుపెట్టేశాం. నగరం పెరగడంలో నేరం లేదు, మనుషులకు ఇళ్లు కావాలి. కానీ 1961లో స్థలం ఎంపిక సరైనదే కావచ్చు, 2020 నాటికి అదే స్థలం తప్పు స్థలమైపోయింది, మధ్యలో ఏ సంవత్సరాన అలా మారిందో ఎవరూ చూడలేదు.

ఎదురుగా ఇంకో ఉదాహరణ పెట్టుకుందాం. ఇది మన కళ్లముందే ఉంది. బేగంపేట విమానాశ్రయం చుట్టూ నగరం కమ్ముకుని, అది పెరగడానికి చోటు లేకపోతే, 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. దాదాపు 5,500 ఎకరాల స్థలం. ఆ స్థలాన్ని ఎలా వాడారో చూస్తే స్థలం ఎంపిక శాస్త్రం ఎంత పదునుగా ఉండగలదో తెలుస్తుంది. రన్‌వే పేరు 09, 27. అంటే దిక్సూచి మీద 90, 270 డిగ్రీలు, తూర్పు పడమరలు. హైదరాబాద్‌లో వానకాలమంతా గాలి పడమర, నైరుతి నుంచి వీస్తుంది, చలికాలం ఎక్కువగా తూర్పు దిక్కుల నుంచి వీస్తుంది. విమానం గాలికి ఎదురుగా లేవాలి, ఎదురుగా దిగాలి. 4,260 మీటర్ల ఆ రన్‌వే మన గాలి స్వభావాన్ని నేల మీద గీసి చూపిస్తుంది. ఏళ్ల తరబడి గాలి ఏ దిక్కు నుంచి, ఎంత వేగంతో, ఎన్ని గంటలు వీచిందో లెక్కగట్టి గీసే చిత్రాన్ని పవన పుష్పం అంటారు. విమానాశ్రయం నిర్మించేవాళ్లు మొదట తెరిచేది అదే. పొగ గొట్టం, గ్యాసు ట్యాంకు పెట్టేవాళ్లు కూడా మొదట దాన్నే తెరవాలి: గాలి ఎక్కువ కాలం ఏ వైపుకు వీస్తుందో, ఆ వైపు ఎవరున్నారో.

విమానాశ్రయం తన ప్రహరీ దగ్గర ఆగలేదు. దాని చుట్టూ ఎంత దూరంలో ఎంత ఎత్తు కట్టొచ్చో రంగుల మండలాలుగా గీసిన పటం ఉంది. నిర్ణీత ఎత్తు దాటితే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ అనుమతి కావాలి. పది కిలోమీటర్ల లోపు జంతువుల్ని కోసి వ్యర్థాలు పడేయడం, పక్షులు మూగేలా చెత్త కుప్పలు పోయడం విమానయాన నిబంధనలు నిషేధించాయి. గద్ద ఇంజనులో పడితే ఏమవుతుందో తెలుసు గనుక. బడంగ్‌పేట్, నాదర్‌గుల్, మామిడిపల్లి వాసులు ఇల్లు కట్టేటప్పుడు ఈ ఎత్తు నిబంధన గురించి విననివారు అరుదు. అంటే ఒక సంస్థ భద్రత కోసం దాని గోడ బయట ఇతరుల భూమిలో ఏం జరగాలో, ఏం జరగకూడదో మన చట్టం నిర్ణయించగలదు, అమలు చేయగలదు. విమానాల విషయంలో చేస్తోంది కూడా.

ఫ్యాక్టరీల విషయంలో చట్టం లేకపోలేదు. భోపాల్ తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర పరిశ్రమకు స్థలం తగినదా కాదా చూసే సైట్ అప్రైజల్ కమిటీని 41ఏ సెక్షన్ కింద పెట్టారు. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనలు ఇంకా ముందుకు వెళ్లాయి: ఏ రసాయనం ఎన్ని టన్నులు దాటితే ఏ జాగ్రత్తలు తప్పనిసరో జాబితాలు ఇచ్చాయి. ఫ్యాక్టరీ తన ప్రాంగణానికి ఒక అత్యవసర ప్రణాళిక రాసుకోవాలి, ఆరు నెలలకోసారి దాన్ని ఆచరించి చూడాలి. ప్రహరీ బయటి జనం కోసం ఇంకో ప్రణాళికను జిల్లా యంత్రాంగం తయారుచేయాలి, ఏడాదికోసారి సాధన చేయించాలి. అయితే చట్టం అంతా స్థలం ఎంపికను ఒకసారి జరిగే పనిగా చూసింది. కమిటీ కూర్చుంటుంది, పరిశీలిస్తుంది, లేస్తుంది. ఇరవై ఏళ్ల తర్వాత అదే స్థలం చుట్టూ ఏం మొలిచిందో మళ్లీ కూర్చుని చూసే కమిటీ లేదు.

ఇప్పుడు బడంగ్‌పేట్‌కు వద్దాం. నిన్నమొన్నటి దాకా పంచాయతీ. 2019లో నగరపాలక సంస్థ అయింది. పొలాలు వెంచర్లయ్యాయి, చెరువు శిఖాల దాకా కాలనీలు వచ్చాయి. 2020 అక్టోబరు వానలకు బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు తెగి దిగువ పాతబస్తీ కాలనీలు మునిగినప్పుడు ఈ ప్రాంతపు నీళ్లు ఎటు పారతాయో అందరికీ తెలిసొచ్చింది. ఇక్కడి నుంచి పడమరకు పోతే కాటేదాన్ పారిశ్రామికవాడ. అదీ ఒకప్పుడు ఊరి బయటే. బ్యాటరీలు, లోహపు పూతలు, ప్లాస్టిక్, రంగుల చిన్న యూనిట్లు పక్కపక్కన నిలిచిన చోట నేలలో సీసం, క్రోమియం, జింకు ఉండాల్సినదానికి ఎంతో మించి ఉన్నాయని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రజ్ఞులు మట్టి పరీక్షించి తేల్చారు. సీసం ఎక్కడికీ పోదు. ఫ్యాక్టరీ మూసి, షెడ్డు పడగొట్టి, అపార్టుమెంటు కట్టినా మట్టిలో ఉంటుంది, ఆ ప్రాంగణంలో ఆడుకునే పిల్లల చేతులకు అంటుకుంటుంది. కాలుష్య పరిశ్రమల్ని అవుటర్ రింగ్ రోడ్డు అవతలికి పంపాలని 2013 నుంచీ ప్రభుత్వాలు అంటున్నాయి. పంపడం సరే. ఖాళీ అయిన నేలను ఇళ్లకు ఇచ్చేముందు ప్రతి ప్లాటు మట్టినీ పరీక్షించి, అవసరమైన చోట ఎత్తిపోసి శుద్ధి చేయడం ఆ పనిలో భాగం కావాలి.

అవతలికి పంపితే చాలదనడానికి పటాన్‌చెరు ఉంది. మందుల ఫ్యాక్టరీలన్నిటి మురికినీటినీ ఒకచోట శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చిన నీళ్లను స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు ఉంది. ఆ మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. శుద్ధిచేసిన నీళ్లు అనే పేరుతో వాగులోకి వెళ్లిన నీళ్లు అవి. మందుకు లొంగని బ్యాక్టీరియాను పెంచడానికి ఇంతకంటే అనువైన చోటు వెతికినా దొరకదు. ఫ్యాక్టరీలను ఒకచోట గుంపుగా పెడితే కాపలా సులువు అన్నది నిజమే. కాపలా సడలితే నష్టం కూడా ఒకే వాగు మీద, ఒకే ఊళ్ల మీద పడుతుంది. శ్రీశైలం రహదారి మీద ముచ్చర్ల దగ్గర 19 వేల ఎకరాలకు పైగా తలపెట్టిన ఫార్మాసిటీని యాచారం, కందుకూరు రైతులు గట్టిగా ప్రశ్నించడం వెనక ఈ జ్ఞాపకం ఉంది. దాన్ని అభివృద్ధికి అడ్డుపడటం అనడం అన్యాయం.

పెద్ద ఫ్యాక్టరీ కనీసం కాగితాల్లో కనిపిస్తుంది. నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది కనిపించని నిల్వలు. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్టుమెంటు కింది అంతస్తులో రసాయనాల డ్రమ్ములు అంటుకుని తొమ్మిది మంది చనిపోయారు. పై అంతస్తుల్లో కుటుంబాలు కాపురముంటున్నాయి. దానికి ముందు ఏడాది మార్చిలో భోయిగూడ తుక్కు గోదాంలో పైన నిద్రపోతున్న పదకొండు మంది బిహార్ కూలీలు కాలిపోయారు. వీటికి స్థలం ఎంపిక కమిటీ ఏదీ ఉండదు. అద్దెకు దొరికిన షెడ్డే స్థలం. జల్‌పల్లి, మైలార్‌దేవ్‌పల్లి, బాలాపూర్ దారుల్లో తుక్కు, ప్లాస్టిక్, థిన్నరు గోదాములు ఇళ్ల మధ్యలోనే ఉన్నాయి. ఎన్ని టన్నులు, ఏ రసాయనం, ఎవరిది అన్న లెక్క వార్డు స్థాయిలో తయారుచేయడం గొప్ప సాంకేతికత ఏమీ కోరదు. ఫైర్, మున్సిపల్, కాలుష్య మండలి సిబ్బంది కలిసి వీధులు తిరగాలి, అంతే.

బయటి దూరం లోపలి కార్మికుణ్ని కాపాడదు. ఈ మాట చెప్పకుండా ఈ వ్యాసం రాయలేను. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి ఇండస్ట్రీస్‌లో, పొడి ఆరబెట్టే విభాగంలో పేలుడు జరిగి యాభై మందికి పైగా కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కొందరి అవశేషాలు కూడా ఇళ్లకు చేరలేదు. అక్కడ తయారయ్యేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. మాత్రలు గట్టిగా నిలబడటానికి కలిపే తెల్లటి పొడి, కలప గుజ్జు నుంచి తీస్తారు. ఆముదంలాగే పేరు వింటే భయం పుట్టించని పదార్థం. కలప దుంగ నెమ్మదిగా కాలుతుంది, ఎందుకంటే గాలి దాని పైభాగానికే తగులుతుంది. అదే కలపను మెత్తటి పొడి చేసి గాలిలో లేపితే ప్రతి రేణువు చుట్టూ ప్రాణవాయువు ఉంటుంది. ఒక నిప్పురవ్వ, మూసి ఉన్న గది దొరికితే క్షణంలో అంతా ఒకేసారి కాలి గోడలు పేలిపోతాయి. ఇలాంటి పేలుళ్లలో తరచూ మొదటిది చిన్నదే. అది దూలాల మీద, యంత్రాల మీద ఏళ్ల తరబడి పేరుకున్న పొడిని గాలిలోకి లేపుతుంది, రెండోది ప్రాణాలు తీస్తుంది. పొడి పేరుకోకుండా ఊడ్చడం ఇక్కడ శుభ్రత పని మాత్రమే కాదు, ప్రాణరక్షణ పని. ఆరబెట్టే యంత్రం వేడిని కనిపెట్టి దానంతటదే ఆగే ఏర్పాటు, ఒత్తిడి పెరిగితే బలహీనమైన పలక తెరుచుకుని దాన్ని ఆకాశం వైపు వదిలేసే ఏర్పాటు ఉండాలి. వాటితో పాటు ప్రాంగణం లోపల కూడా స్థలం ఎంపిక ఉంటుంది: మనుషులు ఎక్కువసేపు కూర్చునే ఆఫీసు, క్యాంటీన్, ల్యాబు ఆ యంత్రానికి దూరంగా ఉండాలి. 2005 మార్చి 23న అమెరికాలో టెక్సాస్ సిటీ రిఫైనరీ పేలినప్పుడు పదిహేను మంది చనిపోయారు. యూనిట్‌కు దగ్గరగా తెచ్చిపెట్టిన తాత్కాలిక ఆఫీసు గదుల్లోనూ వాటి చుట్టుపక్కలా ఉన్నవాళ్లు వాళ్లు. రిఫైనరీ నడపడంలో వాళ్లకు అవసరమైన పని ఏదీ ఆ చోట లేదు.

బయటి దూరాన్ని కాపాడుకోవడం ఎలాగో చేసి చూపినవాళ్లు ఉన్నారు. ఫ్రాన్స్‌లో 2001 సెప్టెంబరు 21న తుళూజ్ నగరం అంచున ఎరువుల ఫ్యాక్టరీలో అమ్మోనియం నైట్రేట్ పేలి 31 మంది చనిపోయారు. ఆ ఫ్యాక్టరీ కూడా మొదట ఊరి బయటిదే. 2003లో ఆ దేశం ఒక చట్టం తెచ్చింది. ప్రమాదకర ఫ్యాక్టరీ చుట్టూ మండలాలు గీస్తారు. కొన్నిట్లో కొత్త ఇళ్లు రాకూడదు. మరీ దగ్గరగా ఉన్న పాత ఇళ్లను డబ్బిచ్చి కొనేస్తారు. బ్రిటన్‌లో ప్రతి పెద్ద రసాయన నిల్వ చుట్టూ మూడు వలయాలుంటాయి, ఏ వలయంలో ఏం కట్టొచ్చో స్థానిక సంస్థకు భద్రతా శాఖ సలహా ఇస్తుంది. లోపలి వలయంలో బడికో ఆసుపత్రికో ఒప్పుకోరు, ఎందుకంటే అక్కడివాళ్లు పరిగెత్తలేరు.

మన దగ్గర జంట జలాశయాల చుట్టూ గీసిన వలయం ఇలాంటి ఆలోచనకు దేశంలోనే ముందు వరసలో నిలిచింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69 ద్వారా ప్రభుత్వం ఆ ఆంక్షల్ని ఎత్తేసే దారి పట్టింది. కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చాక నగరానికి ఈ జలాశయాల అవసరం తగ్గిందన్నది చెప్పిన కారణం. నాకిది సమ్మతం కాదు. ఆ వలయం తాగునీటిని కాపాడుతూనే, మూసీ ఎగువన వాన ఇంకే నేలను కాంక్రీటు కాకుండా ఆపింది. 1908లో ఆ నీళ్లు వచ్చిన దారి ఇప్పటికీ అదే. అక్కడ ఒకసారి లేఅవుట్లు పడితే వందల కిలోమీటర్ల పైపుల మీద ఆధారపడ్డ నగరానికి ఇంటి పక్కనున్న నీళ్లు మళ్లీ దక్కవు.

బడంగ్‌పేట్‌లో ప్లాటు కొనేవాళ్లు ఇవాళ లింకు డాక్యుమెంట్లు చూస్తారు, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ తీయిస్తారు, చెరువు నిండా నీరు నిలిచే హద్దు (ఎఫ్‌టీఎల్) అడుగుతారు, విమానాశ్రయం ఎత్తు నిబంధన కనుక్కుంటారు. ఆ ప్లాటు ఏ రసాయన నిల్వకు ఎన్ని మీటర్ల దూరంలో ఉందో చెప్పే కాగితం మాత్రం ఆ కట్టలో ఉండదు. చట్టంలో దానికి దారి లేకపోలేదు. 1989 నిబంధనల్లో పదిహేనోది, ప్రమాదం జరిగితే దెబ్బతినే అవకాశమున్న బయటి జనానికి ఆ సంగతీ, ఏం చేయాలన్నదీ ముందుగా తెలియజేయడం ఫ్యాక్టరీ యజమాని బాధ్యత అంటోంది. ఫ్యాక్టరీలు సమర్పించే భద్రతా నివేదికల్లో ప్రమాదం ఎంత దూరం పాకుతుందో లెక్కలుంటాయి. అవి ఫ్యాక్టరీల శాఖ దగ్గర, కలెక్టరేట్లో ఉంటాయి. ఆ దూరాల్ని విమానాశ్రయం రంగుల పటంలాగే నగర అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ మాస్టర్ ప్లాన్ మీద గీయాలి. లేఅవుట్‌కు అనుమతిచ్చే అధికారి సంతకానికి ముందు ఆ పటం చూడటం తప్పనిసరి చేయాలి. ఐదేళ్లకోసారి పటాన్ని తిరగరాసి, ఇళ్లు దగ్గరైన చోట నిల్వ తగ్గించమని ఫ్యాక్టరీకో, కట్టడం ఆపమని కాలనీకో నోటీసు ఇవ్వాలి. ఎత్తు నిబంధన ఉన్న ఊళ్లో ఈ పని మొదలెట్టడానికి కొత్తగా నేర్చుకోవాల్సింది పెద్దగా లేదు.